ఇప్పుడే ఆపాలి

మూడో తారీఖు మంగళవారం పొద్దున మెషీన్ తీసిచ్చిన కాగితంలో, ఒకటో వాటా ఎదురుగా ఉండకూడని పేరు ఒకటి ఉంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. నేనే ఏదో తప్పు నొక్కి ఉంటానని కాగితం ఇంకోసారి తీయించాను. రెండోసారీ అదే పేరు. దాని పక్కన ఉన్నంత పెద్ద అంకెను పదకొండేళ్లలో ఎప్పుడూ చూడలేదు.

నేను చేసేది చిన్న పనే. మార్షల్‌టౌన్‌లో మా బీమా కంపెనీ నేలమాళిగలో మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద మెషీన్ ఉంది. ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు దాన్ని ఏడు వాటాలు చేశారు. వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్లు మావి కావు, అమ్మినవాళ్లవి. ఏది ఏ వాటాలో ఏ గంటల్లో నడిచిందో, ఆ గంటల్లో ఆ వాటా మీద ఎంత రద్దీ ఉందో మెషీన్ తనంతట తనే రాసుకుంటుంది. వరసగా ఏ నాలుగు గంటల్లో రద్దీ ఎక్కువో, వాటి సగటే ఆ నెలకు కొలత. ఖాళీ వేళ నడిచి ఆగిపోతే కొలత చిన్నది. ఒకటో వాటాలో కంపెనీ లెక్కలన్నీ తేల్చే నెలాఖరు పరుగులో నడిస్తే కొండంత. నెల తిరగ్గానే ఈ రాతలన్నీ పోగేసి రిపోర్టు చేసి, తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం పన్నెండులోగా అమ్మినవాళ్లకు పంపాలి. దాన్ని బట్టే కంపెనీ వాళ్లకు డబ్బు కడుతుంది.

రిపోర్టు అడుగున ‘పంపినవారు: సెయిపాటి మొఫొకెంగ్’ అని ఉంటుంది. నా చదువు పదో తరగతి దాటలేదు. ఈ భవనంలో మొదట నేల తుడిచాను, తర్వాత టేపులు ఎక్కించాను, టేపులు పోయాక ఈ పని ఇచ్చారు. పంపిన ప్రతి నెలా పదో తారీఖున ఎవరో తలుపు తట్టి ‘ఈ అంకె ఎవరు వేశారు’ అని అడుగుతారని ఎదురుచూసేదాన్ని. ఎవరూ తట్టలేదు. తట్టలేదు కాబట్టి ఇక తట్టరని మాత్రం నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఒకటో వాటాలో కనిపించిన పేరు పాత పాలసీ కాగితాలు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్‌ది. దాని చోటు ఐదో వాటా, అన్నిటికంటే చిన్నది. ఒకటో వాటాలోకి ఎలా వెళ్లిందో చూద్దామని ఆపరేటర్ల గదికి వెళ్లి షిఫ్టు పుస్తకం తెరిచాను.

కిందటి నెల ఇరవై తొమ్మిది, గురువారం. ‘మధ్యాహ్నం 2.10. గ్లాస్గో నుంచి సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల ఇంజినీరు ఫోన్. మేనేజరు హదేబె గారు సరే అన్నారు. వెతుకుడు సాఫ్ట్‌వేర్ పరీక్ష కోసం ఒకటో వాటాలో మొదలుపెట్టాను. 2.20. పని అయింది, ఇప్పుడే ఆపాలి అన్నాడు.’

కింద తర్వాతి షిఫ్టువాళ్ల రాత. ‘వెతుకుడు సాఫ్ట్‌వేర్ ఇప్పుడే ఆపాలి.’ దాని కింద ఇంకొకరిది. ‘ఇప్పుడే ఆపాలి.’ ఐదు షిఫ్టులు ఒకే వాక్యాన్ని ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలో పెట్టుకుంటూ వచ్చారు. ఈలోగా నెలాఖరు పరుగు మొదలై ముగిసింది. శనివారం సాయంత్రం ఎవరో రాశారు: ‘ఆపాను. అసలు ఇదెందుకు నడుస్తోంది?’

నవ్వు రావలసిన చోటే. మా ఊళ్లో ‘ఇప్పుడే’ అంటే ఇప్పుడు కాదు. పైపులు బాగుచేసేవాడు ‘ఇప్పుడే వస్తున్నా’ అన్నాడంటే రేపు పొద్దున అని. ‘ఇప్పుడిప్పుడే’ అంటే చేతిలో ఉన్న టీ అయ్యాక. నిజంగా ఈ క్షణం కావాలంటే ‘ఇప్పుడు’ అని ఊరుకోవాలి, దానికి తోక తగిలించకూడదు. గ్లాస్గోవాడికి ఆ సంగతి తెలియదు. వాళ్ల ఊళ్లో ‘ఇప్పుడే’ అంటే ఇప్పుడేనట.

నాకు నవ్వు రాలేదు. గురువారం రాత కింద సంతకం పి. రామబులానా అని ఉంది. పులేంగ్ రామబులానా నా కూతురు.

ఈ సంగతి ఆ భవనంలో ఒక్క మనిషికే తెలుసు. మెషీన్‌ను ముప్పై ఏళ్లుగా సాకుతున్న ముసలి గెరిట్‌కు. కిందటేడు పులేంగ్ ఏడాది కాంట్రాక్టుకు దరఖాస్తు పెట్టినప్పుడు అందులో ఒక గడి ఉంది: ‘కంపెనీలో బంధువులెవరైనా ఉన్నారా?’ ఉన్నారని రాస్తే పిలవనే పిలవరని భయపడి, ‘లేరని రాయి’ అన్నది నేను. వాళ్ల నాన్న ఇంటిపేరు వేరు కాబట్టి ఎవరూ అడగలేదు. అప్పటినుంచి ఆఫీసులో తను నాకు ‘గుడ్ మార్నింగ్, మ్మే’, నేను తనకు ‘మిస్ రామబులానా’. మ్మే అంటే అమ్మే, కానీ మా వైపు పెద్దావిడనెవరినైనా అలాగే పిలుస్తారు. ఒకే షేర్ టాక్సీలో వచ్చి రెండు వీధుల ముందు నేను దిగిపోతాను.

ఆ సాయంత్రం ఇంట్లో మొక్కజొన్న పిండితో పాప్ కలుపుతూ అడిగాను.

“గురువారం గ్లాస్గో ఫోన్ నువ్వే ఎత్తావా?”

“ఎత్తాను. మర్యాదస్తుడు. వాన పడుతోందా అని అడిగాడు.”

“ఇప్పుడే ఆపమన్నాడా?”

“అన్నాడు. పుస్తకంలో రాశాను. ఏం, ఆపలేదా?”

“శనివారం ఆపారు.”

పులేంగ్ చెంచా పట్టుకుని అలాగే నిలబడింది. తెలివైన పిల్ల, రెండు నిమిషాల్లో లెక్క కట్టుకుంది. “నెలాఖరు పరుగు మీద పడిందా?”

“పడింది.”

“అమ్మా, నీకు గిన్నె కిందపడితే భూకంపం. నిజం చెప్పు, ఎంత పెద్దది?”

“ఈసారి భూకంపమే.”

“నేను తప్పేం చేశాను? అతనన్న మాటే రాశాను. నా తర్వాత ఐదుగురు చదివారు. ‘ఇప్పుడే’ అంటే వాళ్లకేం అర్థమైందో నాకూ అదే.”

“నాకు తెలుసు.”

“నీకు తెలిస్తే సరిపోతుందా? రిపోర్టు నీది కదా.”

అదే నా భయం. రిపోర్టు నాదే.

రెండు రోజుల తర్వాత, గురువారం, హదేబె గారు పిలిచారు. నలభై ఏళ్ల మనిషి, ఇద్దరు ఆడపిల్లలు, అరవడం ఎరగడు. నా కంటే చిన్నవాడే అయినా మేనేజరు కాబట్టి నేను బాబా హదేబె అంటాను, ఆయన నన్ను మ్మే అంటారు. బల్ల మీద నా కాగితం ఉంది.

“కూర్చోండి మ్మే. ఈ అంకె పై అంతస్తుకు వెళ్తే నన్ను కిటికీలోంచి విసిరేస్తారు. మనం ఉన్నది నేలమాళిగ, అదొక్కటే ఊరట.”

ఆయన కాగితం నా వైపు తిప్పారు.

“మినహాయింపు గడి ఉందిగా. దాన్ని వాడదాం.”

రిపోర్టులో మనిషి చెయ్యి పెట్టగలిగేది ఆ గడిలోనే. ‘ఈ గంటలు లెక్కలోకి తీసుకోవద్దు’ అని కారణం రాయవచ్చు. అమ్మినవాళ్లు ఒప్పుకునే కారణాలు రెండే. వాళ్ల మనిషే పరీక్ష కోసం నడిపించాడని వాళ్ల చేతి ఉత్తరం ఉండాలి. లేదా మన ఆపరేటరు చెప్పిన మాట వినకుండా తప్పు చేశాడని, అతని మీద చర్య తీసుకున్నామని మన ఉత్తరం ఉండాలి.

“గ్లాస్గోవాళ్లను ఉత్తరం అడిగాను. వాళ్లవాడు నడిపించిన పది నిమిషాలకే ఇస్తామన్నారు. పది నిమిషాలకు మించి వాళ్లది కాదట. కాబట్టి రెండోదే.” ఆయన పెన్ను తీశారు. “ఆ రామబులానా అమ్మాయి. కాంట్రాక్టు మనిషేగా, డిసెంబరుతో అయిపోతుంది. చెప్పినా ఆపలేదని రాసి పంపించేస్తాం. పాపం, మంచి పిల్లే. మీకు తెలుసా తను?”

“చూశాను” అన్నాను.

కన్నతల్లిని. చూశాను అన్నాను.

“చెప్పిన మాట విననిది కాదు బాబా. విన్నది. వాడన్న మాట మన ఊళ్లో ఏమిటో మీకు తెలియదా?”

“నాకు తెలుసు. ఆ గడిలో ‘మా ఊళ్లో ఇప్పుడే అంటే తర్వాత’ అని రాస్తే గ్లాస్గోలో చదివి కడుపు పట్టుకుని నవ్వుతారు. తర్వాత మొత్తం కట్టమంటారు. నాకు నవ్వులు వద్దు మ్మే, కారణం కావాలి. సోమవారం పన్నెండులోగా. ఉత్తరం నేను సిద్ధం చేస్తాను, మీరు గడి నింపండి.”

నడవాలోకి వచ్చాను. నా చేతులతో రాస్తే నా పిల్ల ఉద్యోగం పోతుంది. ఒక్క ఉద్యోగమా? ‘చెప్పిన మాట వినని ఆపరేటరు’ అనే ఉత్తరం తన వెంట ఎక్కడికైనా వెళ్తుంది. ఈ ఊళ్లో ఇలాంటి మెషీన్లు ఎన్నో లేవు, వాటి దగ్గర కూర్చునేవాళ్లంతా ఒకరినొకరు ఎరిగినవాళ్లే. రాయనంటే ఎందుకని అడుగుతారు. అడిగితే ఆ దరఖాస్తులోని గడి బయటపడుతుంది. అబద్ధం చెప్పి చేరిందని అప్పుడు ఏ మెషీనూ అవసరం లేకుండానే పంపేస్తారు, నన్ను కూడా కలిపి. ఎటు చూసినా ముందు నా పిల్లే బలి.

శుక్రవారం గెరిట్ దగ్గరికి వెళ్లాను. అందరూ అతన్ని ఊమ్ అంటారు, మామ అని. ఎండు మాంసం ముక్క నములుతూ తెర చూస్తున్నాడు.

“ఊమ్ గెరిట్, ఈ రాతల్లోంచి ఆ రెండు రోజులు తీసేయవచ్చా?”

“తీయవచ్చు. అప్పుడు రాతలు తక్కువయ్యాయని మెషీనే చెప్తుంది. ముప్పై ఏళ్లుగా దీనికి అబద్ధం నేర్పుదామని చూస్తున్నాను సెయిపాటి. నా పెళ్లాంలాగే, నేర్చుకోదు.”

“మరేం చెయ్యను?”

“ఏమీ చెయ్యకు. గడి ఖాళీగా వదిలెయ్. ఉన్న అంకె ఉన్నట్టు పంపు. మినహాయింపు అడగనప్పుడు కారణం అక్కర్లేదు. కారణం లేనప్పుడు పేరు అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ నడిచిందా? నడిచింది. నడిచిందని చెప్పడమేగా నీ పని.”

ఇంత తేలికా అనిపించింది. నిజం చెప్తే చాలు, పిల్ల బతుకుతుంది. దేవుడు ఇలాంటి దారి ఎప్పుడో గాని ఇవ్వడు.

ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద ఉండగా ఆ దారి మూసుకుపోయింది. తొలి చరణం పాడుతున్నారు, నా పెదవులు కదులుతున్నాయి, లోపల ఒకటే మాట తిరుగుతోంది. ఆ అంకె నిజమైనది. కానీ అది నా కూతుర్ని కాపాడే అంకె కూడా. రేపో మాపో మా బంధుత్వం తెలియక మానదు. తెలిసిన రోజున సెయిపాటి నిజం పంపింది అని ఎవరంటారు? పిల్లను దాచడానికి కంపెనీ నెత్తిన కొండ పెట్టింది అంటారు. పోనీ ముందే చెప్పి పక్కకు తప్పుకుంటే? రిపోర్టు పంపే అనుమతి ఇద్దరికే ఉంది, నాకూ హదేబె గారికీ. నేను తప్పుకుంటే ఆయన కూర్చుని రెండో కారణం రాస్తారు. నా చేతులు శుభ్రంగా ఉండాలంటే అబద్ధం వెళ్లాలి. నిజం వెళ్లాలంటే నా చేతులకు మరక పడాలి.

పక్కన ఉన్నావిడ మెల్లగా గిల్లింది. పాట అయిపోయి అందరూ కూర్చున్నారు, నేనొక్కదాన్నే ఇంకా మోకాళ్ల మీద ఉన్నాను.

సోమవారం పదకొండుంపావుకు హదేబె గారి ఉత్తరం నా బల్ల మీదకు వచ్చింది. ‘పి. రామబులానా, స్పష్టమైన ఆదేశాన్ని పాటించక...’ అంతవరకే చదివాను. గడి ఖాళీగా వదిలి, అంకె ఉన్నది ఉన్నట్టు పంపేశాను. అందిందని వాళ్లనుంచి పదకొండూ ఇరవై రెండుకు జవాబు వచ్చింది. అప్పుడు ఒక తెల్లకాగితం మీద రాశాను: ‘పులేంగ్ రామబులానా నా కూతురు. దరఖాస్తులో లేరని రాయించింది నేను. ఈ నెల రిపోర్టును ఇంకొకరు సరిచూడాలి.’ దాన్ని తీసుకుని ఆయన గదికి నడిచాను. ఇరవై అడుగులుంటాయి.

ఆయన చదివారు. రెండోసారి చదివారు.

“పంపేశారా?”

“పంపేశాను.”

“ఇది పంపకముందు చెప్పాలి మ్మే.”

“ముందు చెప్తే నా చేతిలోంచి తీసుకునేవారు.”

“తీసుకునేవాణ్ణి. తీసుకోవాలి కూడా.” ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. “పై అంతస్తువాళ్లకు నేనేం చెప్పను? మా రిపోర్టు మనిషి తన పిల్ల కోసం...”

“అంకె తప్పా బాబా?”

ఆయన కాగితం మడిచారు. “తప్పు కాదు. అదే నా ఖర్మ.”

మధ్యాహ్నానికి భవనమంతా తెలిసింది. సాయంత్రం టాక్సీలో పులేంగ్ నా పక్కన కాకుండా వెనక వరసలో కూర్చుంది. ఇంటికొచ్చాక తలుపు వేసి అంది, “పరీక్షలో మొదటిదాన్నై చేరాను. ఇవాళ క్యాంటీన్‌లో ఒకడు ‘అమ్మగారి అమ్మాయీ, మీ అమ్మకు చెప్పి నాక్కూడా ఒక షిఫ్టు ఇప్పించు’ అన్నాడు. ఉద్యోగం ఉంచావు, నన్ను ఉంచలేదు.”

“ఉత్తరం వెళ్లి ఉంటే అదీ ఉండేది కాదు.”

“అప్పుడు వాళ్లతో నేను కొట్లాడేదాన్ని. ఇప్పుడెవరితో కొట్లాడను? నీతోనా?”

గిన్నె పొయ్యి మీద పెట్టాను.

మూడు వారాల తర్వాత విచారణ. గెరిట్, బయటివాడొకడు కలిసి రిపోర్టును సరిచూసి అంకె సరైనదేనని రాసిచ్చారు. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు హెచ్ఆర్ ఆవిడ అడిగింది, “ఆపరేటరు మీ అమ్మాయి కాకపోయి ఉంటే ఇదే అంకె పంపేవారా?”

పంపేదాన్ని అనడానికి నోరు తెరిచాను. హదేబె గారు కిటికీ లేని గోడ వైపు చూస్తున్నారు.

“ఎవరి పిల్లో అయితే...” అన్నాను. “బహుశా మేనేజరు గారు చెప్పినట్టే రాసేదాన్ని. రాసి నెలంతా నిద్రపోయేదాన్ని కాదు. కానీ రాసేదాన్ని.”

ఆవిడ పెన్ను ఆగింది. “ఇది నేను రాసుకోవాలా మ్మే?”

“మీ ఇష్టం.”

రాసుకుంది.

నన్ను తీసెయ్యలేదు. అదే తీర్పు అని మొదట అనుకున్నాను. తర్వాత మిగతాది చదివారు. తల్లీకూతుళ్లు ఒకే చోట పనిచెయ్యకూడదు. ఎవరు ఉండాలో మేమే తేల్చుకోవాలి. తేల్చడానికేముంది, నాకు పెన్షన్ మూడేళ్లలో వస్తుంది, తన వయసు ఇరవై నాలుగేళ్లు. బోక్స్‌బర్గ్‌లో పాత కాగితాల గిడ్డంగికి నేను వెళ్లేట్టు సంతకం చేశాను. ఇంకో షరతు కూడా ఉంది. మెషీన్ గురించీ రిపోర్టు గురించీ మేమిద్దరం ఇంట్లో గానీ బయట గానీ ఒక్క మాట మాట్లాడుకోకూడదు. మాట్లాడినట్టు తెలిస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఇద్దరం సంతకం పెట్టాం. పులేంగ్ సంతకం చకచకా పెట్టేసింది.

డిసెంబరులో తన కాంట్రాక్టు పొడిగించారు. జనవరిలో గెరిట్ పదవీ విరమణ చేస్తూ వాళ్లతో అన్నాడట, ఆ రాతలు చదవడం వచ్చింది భవనంలో ఇక ఒక్కరికేనని. ఆ సంగతి పులేంగ్ నాకు చెప్పలేదు, చెప్పకూడదు. గెరిట్ పెళ్లాం బజార్లో కనిపించి చెప్పింది. నెలనెలా రిపోర్టు పంపే పని ఇప్పుడు నా కూతురిది. అడుగున పేరు తనది.

గిడ్డంగిలో నాకు ఇబ్బందేమీ లేదు. పెట్టెల మీద నంబర్లు అతికిస్తాను. మూడో తారీఖు వచ్చిందంటే మాత్రం మనసు ఆ రిపోర్టు మీదే, నంబర్లు కనపడవు.

ఇవాళ ఫిబ్రవరి ఆరు. పులేంగ్ వచ్చి చెప్పులు విడిచి నేరుగా బల్ల దగ్గర కూర్చుంది. పాప్, కోడికాళ్ల కూర పెట్టాను. తినకుండా చెంచా కొనతో పాప్ మీద గీతలు గీస్తోంది. పక్కపక్కన ఏడు గీతలు. మొదటినుంచి ఒక్కోదాని మీద చెంచా ఆనించుకుంటూ వెళ్లి, ఐదో దాని దగ్గర ఆగింది. మళ్లీ మొదటినుంచి వెళ్లింది. మళ్లీ అక్కడే ఆగింది.

ఐదో వాటాలో ఏముండాలో, ఏది కనపడకపోతే ఎక్కడ వెతకాలో నాకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

తను తలెత్తి నన్ను చూసింది. నేను గిన్నె మూత తీశాను.

“ఇంకాస్త కూర వెయ్యనా?”

“వద్దమ్మా” అంది. కాసేపాగి, “చాలు” అంది.

తొమ్మిదో తారీఖుకు ఇంకా మూడు రోజులున్నాయి.